నోటితో చెప్తే అరగంట కథ, పేపర్ మీద మూడు లైన్లు. ఏం చేయాలి?

కాకినాడ_అమ్మ

అందరికీ నమస్కారం. మావాడు నాలుగో తరగతి. చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉందని, అంటే డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా రెండూ ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. తెలివికి లోటేమీ లేదని కూడా అందులోనే రాశారు, ఆ ముక్క మా అత్తగారికి ప్రత్యేకంగా చదివి వినిపించాల్సి వచ్చిందనుకోండి.

ఇప్పుడు గొడవంతా "బొమ్మలు చూసి కథ రాయండి" దగ్గర. మొన్న స్కూల్లో టోపీలమ్మేవాడు, కోతుల బొమ్మలు ఇచ్చారు. వాడు రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నా: "కోతి చెటు ఎకింది. టోపి తీసింది. వాడు ఏడిచాడు." అంతే. టీచర్ ఎర్ర పెన్నుతో వత్తులు దిద్ది కింద "ఇంకా రాయాలి" అని రాశారు. ఆ రాత్రి అన్నం తింటూ అదే కథ చెప్పరా అంటే ఆగితే ఒట్టు. కోతికి టోపీ ఎందుకంటే దాని పిల్లకి జలుబు చేసిందట, చెవుల్లోకి గాలి పోకూడదట (చలికాలం వస్తే మా అమ్మ వీడికి మంకీ క్యాప్ తగిలిస్తుంది, అక్కడి నుంచి వచ్చింది ఆ ఐడియా). టోపీలాయన ముందు కోప్పడి, తర్వాత పిల్ల కోతిని చూసి ఒక టోపీ వదిలేస్తాడు, కానీ ఊరికే కాదు, బదులుగా జామకాయలు కోసిమ్మంటాడు. ఇంత కథ వాడి బుర్రలో ఉంది, పేపర్ మీదికి ఎలా తేవాలి? చూచిరాత రాయించడం, పది పదిసార్లు ఇంపోజిషన్ ఇవన్నీ అయిపోయాయి, దయచేసి అవి మాత్రం చెప్పకండి.

అక్షరం_టీచర్

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, హైదరాబాద్. మీవాడికి కథ రాకపోవడం అనే సమస్య లేదండీ. కథ చెప్పడం, అక్షరం రాయడం ఈ రెండూ ఒకే నిమిషంలో చేయమంటున్నాం, అదీ సమస్య. అక్షరాలు చేతికి అలవాటైన పిల్లలకి రాత దానంతటదే నడుస్తుంటే మనసు కథ మీద ఉంటుంది. మీవాడికి మనసంతా "చెట్టు"లో ట వత్తు ఎటు తిరగాలి అన్న దాని మీదే ఖర్చయిపోతుంది. అది తేలేసరికి జామకాయలు ఎటో పోతాయి. పైగా పిల్లలు గడుసువాళ్లు, వత్తులొచ్చే మాట రాయడం కంటే ఆ వాక్యాన్నే వదిలేయడం మేలని త్వరగానే కనిపెట్టేస్తారు, మీవాడి మూడు లైన్లూ బహుశా అలా మిగిలినవే.

మన లిపిలో ఉన్న తిప్పలు కూడా పెద్దలకి కనపడవు. "స్కూలు" అని పలికి చూడండి. ఊ శబ్దం క తర్వాత వినిపిస్తుంది. రాసేటప్పుడు మాత్రం కొమ్ముదీర్ఘం స కి తగిలించాలి, క ని వత్తుగా కిందకి దించాలి. చెవి చెప్పే వరుస ఒకటి, చెయ్యి వేసే వరుస ఇంకొకటి. మనకి అలవాటై తెలియదు గానీ ఈ పిల్లలు ప్రతిసారీ అక్కడ ఆగి ఆలోచిస్తారు. పైగా ప-వ, మ-య, బ-భ లాంటి పోలికలు.

కాబట్టి మొదట కథ నోటితో పూర్తిగా అయిపోవాలి. ఆ తర్వాత దాన్ని బొమ్మలతోనో ఒక్కొక్క మాటతోనో గుర్తు పెట్టుకోవాలి. రాత చివర్లో, వీలైతే మర్నాడు. మూడూ ఒకే కూర్చోవడంలో చేయించకండి.

జెడ్పీ_తెలుగుమాస్టారు

మేడమ్, మీరు చెప్పింది బాగానే ఉంది, కానీ ఇదంతా ఒక్కో పిల్లాడికి ఒక్కో టీచర్ ఉంటే జరిగే పని. మా తరగతిలో యాభైకి పైనే, పీరియడ్ నలభై ఐదు నిమిషాలు, అందులో హాజరు, డైరీ, అల్లరి పోను ఎంత మిగులుతుంది? వీడి కథ నోటితో వింటూ కూర్చుంటే మిగతావాళ్లు బెంచీలెక్కి నిజం కోతులే అవుతారు. ఇంకోటి, పరీక్షలో ఎవరూ నోటితో చెప్పనివ్వరు. స్వీయరచన, సృజనాత్మకత అన్నీ రాతలోనే ఉండాలి, మార్కులు దానికే. ఇంట్లో సుఖంగా అలవాటు చేస్తే రేపు హాల్లో ఇబ్బంది పడేది పిల్లాడే కదా. కోపంతో అనడం లేదు, ఉన్నమాట అంటున్నా.

నల్గొండ_నాన్న

సార్, మీ బాధ నిజమే, మా చెల్లె కూడా టీచరే. కానీ రాయిస్తూ రాయిస్తూ ఉంటే రాత వస్తదనేది మా బిడ్డ విషయంలో అస్సలు పనిచెయ్యలే. మా పాపకి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒక్కచోట నిలవదు, ఆరో తరగతి. కాకినాడ బాబుకి మాట కాగితం మీదికి రాదు, మా బిడ్డకి ఆగకుండా వస్తది. రెండు పేజీలు రాస్తది, మొదటి పేజీల రాజు ఉంటడు, రెండో పేజీల రాజు ఏమైండో ఆమెకే తెల్వదు, ఒక కుక్క వచ్చి ఉంటది.

మేము చేసేది చెప్తా. పాత క్యాలెండర్ కాగితాల వెనుక వైపు చిన్న చీటీలుగా కోస్తాం. కథ చెప్తుంటే ఒక్కో సంగతికి ఒక్కో చీటీ, దాని మీద ఒకటి రెండు మాటలే: "రాజు – దప్పిక", "బావి ఎండింది", "కుక్క". తర్వాత అవన్నీ నేల మీద పరిచి ఏది ముందు ఏది తర్వాత అని ఆమెతోనే జరిపిస్తా. అప్పుడు ఆమెనే అంటది, నాన్నా ఈ కుక్క ఎక్కడి నుంచి వచ్చింది అని. కుక్కని తీసెయ్యాలి, లేకపోతే ముందు చీటీల్లో దానికి ఒక పని పెట్టాలి. ఆ నిర్ణయం ఆమెదే. మొన్నైతే కుక్కే బావి జాడ చూపించింది. పుస్తకంల గీసి ప్లాన్ వెయ్యమంటే పది నిమిషాలు కూర్చోదు, చీటీలు జరపమంటే మాత్రం ఎంతసేపైనా కూర్చుంటది. చేతికి పని ఉండాలె వాళ్లకి.

ఇంకో మాట. మా పాప మొదటిసారి రాసేటప్పుడు "పోయిండు, వచ్చిండు" అనే రాస్తది. స్కూల్లో కొట్టేసి "వెళ్లాడు" అని దిద్దుతరు. దిద్దండి, పుస్తకాల భాష రావాల్సిందే, కానీ మొదటి రాతలో వద్దు. వత్తులతోనే సతమతమయ్యే పిల్లకి మళ్లా నోట్లో మాట కూడా మార్చుకోమంటే ఆ పిల్ల ఇంక నోరే తెరవదు.

న్యూజెర్సీ_తెలుగు

ఇక్కడ మా అబ్బాయికి స్కూల్లో ఐఈపీ, అంటే వాడి అవసరాలకి తగ్గట్టు వేసిన ప్రత్యేక చదువు ప్లాన్, ఉంది. వాళ్లు వాడే పద్ధతి ఒకటి చెప్తాను, కారెన్ హ్యారిస్, స్టీవ్ గ్రాహం అనేవాళ్లు 1980ల్లో మొదలుపెట్టింది, ఎస్ఆర్ఎస్‌డీ అంటారు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకి రాత నేర్పడానికే తయారుచేశారు. కథ కోసం పిల్లలు కొన్ని ప్రశ్నలు కంఠతా పెడతారు: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, అతనికి ఏం కావాలి, తర్వాత ఏమైంది, చివరికి ఏమైంది, అతనికి ఎలా అనిపించింది. చూస్తే మనకి తెలిసిన ప్రశ్నలే. అసలు సంగతి నేర్పే తీరులో ఉంది.

టీచర్ ముందు తనే పిల్లల ఎదురుగా ప్లాన్ వేస్తారు, మనసులో అనుకునేదంతా పైకి అంటూ. నేను ఇంట్లో తెలుగులో ప్రయత్నిస్తే ఇలా ఉంటుంది: "ఊఁ, ఎవరి గురించి చెప్పాలి... మేక. మేకకి ఏం కావాలి? గడ్డి... ఛ, గడ్డి అందరూ చెప్తారు. మేకకి చెప్పులు కావాలి! ఎందుకు? ఎండాకాలం, రోడ్డు కాలుతోంది. అబ్బ, ఇక్కడ ఆగిపోయాను, తర్వాత ఏం రావట్లేదు. పర్లేదు, ఇంకోసారి ప్రశ్నలు చూసుకుంటా." ఈ ఆగిపోవడం, మళ్లీ మొదలెట్టడం పిల్లాడికి కనపడాలి. ఈ పిల్లలు చాలామంది పెద్దవాళ్లకి కథ టకటకా వచ్చేస్తుందని, తమకే రావట్లేదని అనుకుంటారు. మొదట మనం చేసి చూపిస్తాం, తర్వాత కలిసి చేస్తాం, ఆ తర్వాత మెల్లగా వాళ్లకి వదిలేస్తాం. చాలామంది మొదటి రెండూ దాటేసి నేరుగా ప్రశ్నల కాగితం చేతికిచ్చేస్తారు, అప్పుడు అది ఇంకో వర్క్‌షీట్, పిల్లాడికి ఇంకో బరువు.

అక్షరం_టీచర్

న్యూజెర్సీ గారు చెప్పిన వాటిలో "ఏం కావాలి" అన్న ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. కథ నడిచేది దాని మీదే. కాకినాడ బాబు దాన్ని ఎవరూ నేర్పకుండానే పట్టుకున్నాడు చూడండి, పిల్లకి టోపీ కావాలి!

మన దగ్గర ఇంకో మంచి సాధనం ఉంది, ఏడు చేపల కథ. ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి వచ్చు. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు. అలా అలా పోయి చీమ దగ్గర ఆగుతుంది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. నేను దీన్ని క్లాసులో మామూలుగా చెప్పించి ఊరుకోను. ఒక్కో మజిలీకి ఒక బొమ్మ వేయిస్తా, గోడకి వరుసగా అంటిస్తాం. తర్వాత వెనక నుంచి చెప్పిస్తా: వేలు పెట్టాడు కాబట్టి చీమ కుట్టింది, కుట్టింది కాబట్టి పిల్లాడు ఏడ్చాడు, ఏడ్చాడు కాబట్టి అవ్వ బువ్వ పెట్టలేదు... అలా చేప దాకా. ఇటు "ఎందుకు", అటు "కాబట్టి". కథలో ఒక సంగతి ఇంకో సంగతిని ఎలా లాక్కొస్తుందో ఇంతకంటే తేలిగ్గా చూపించడం నా వల్ల కాలేదు. ఆ తర్వాత వాళ్ల సొంత కథలో మొదటి లైన్ నేనిస్తా: "ఈరోజు బస్సు రాలేదు. ఎందుకు?" ఐదు "ఎందుకు"లు అయ్యేసరికి ప్లాన్ తయారు. "తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది" అని అడిగితే మాత్రం ఈ పిల్లల్లో చాలామంది "తర్వాత ఇంటికెళ్లి పడుకున్నాడు" అనేస్తారు, గమనించారా?

రైలుబండి_వాళ్లమ్మ

మా అబ్బాయి ఆటిజం స్పెక్ట్రమ్‌లో ఉన్నాడు, పదకొండేళ్లు. ఏ కథైనా రైలు కథే అవుతుంది, రాజు ఉన్నా సరే రైల్లోనే ఉంటాడు. మొదట్లో థెరపిస్టులు కూడా వేరే టాపిక్ మీదికి మళ్లించండి అనేవాళ్లు. నేను రివర్స్‌లో వెళ్లాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ స్టేషన్లు వాడికి కంఠతా వచ్చు. ఒక పొడుగు కాగితం మీద విశాఖపట్నం, అనకాపల్లి, తుని, సామర్లకోట, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఖమ్మం, వరంగల్, కాజీపేట, సికింద్రాబాద్ అని చుక్కలు పెట్టి గీత గీశాం. ప్రతి స్టేషన్‌లో ఒక్క సంగతి జరగాలి, అంతే రూల్. తునిలో ఒకాయన పెట్టె పోయింది, రాజమండ్రిలో గోదారి వంతెన మీద టీటీ వచ్చాడు, ఖమ్మంలో పెట్టె వేరే బోగీలో దొరికింది. కథ ఎక్కడ ముగించాలో వాడికి ముందే తెలుసు, సికింద్రాబాద్‌లో దిగిపోవాలి, అందుకే టెన్షన్ లేదు. ఇదివరకు అసలు ముగింపు అనేదే ఉండేది కాదు.

మాకు కష్టం ఇంకా "ఎలా అనిపించింది" దగ్గరే. పెట్టె పోయినాయనకి ఎలా అనిపించింది అంటే "తెలీదు, నేను ఆయన్ని కాదు కదా" అంటాడు. తప్పేం కాదు కదా ఆ జవాబు! ఇప్పుడు అలా అడగడం మానేసి, "ఆయన ఏం చేశాడు, చేతులు ఎలా పెట్టాడు, గట్టిగా మాట్లాడాడా" అని అడుగుతున్నా. "సీటు కింద చూశాడు, మళ్లీ చూశాడు, మళ్లీ చూశాడు" అని చెప్పాడు. నాకైతే "బాధపడ్డాడు" అని రాసే కంటే అదే బాగుంది.

బుజ్జి_వాళ్ళ_తాతయ్య

రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని. అందరివీ చదివాను. ఒక అనుమానం. పిల్లవాడు చెప్తుంటే తల్లి రాసిపెడితే అది తల్లి కథ అవదా? మా మనవరాలి ప్రాజెక్టులన్నీ మా కోడలే చేస్తుంది, మార్కులు కూడా కోడలికే వేయాలి.

కాకినాడ_అమ్మ

తాతయ్యగారూ, నా భయం కూడా అదే. నిన్న వాడు చెప్తుంటే రాశాను, రాస్తూ రాస్తూ నాకు తెలియకుండానే "అనగనగా ఒక దట్టమైన అడవిలో" అని మొదలెట్టేశా. వాడు పక్క నుంచి "అడవి కాదమ్మా, మన కాలనీ వేపచెట్టు" అన్నాడు.

అక్షరం_టీచర్

గీత అక్కడే గీయాలి తాతయ్యగారూ. రాసిపెట్టేవాళ్లకి నేను పెట్టే నియమం ఏమిటంటే పిల్లాడి నోట్లోంచి రాని మాట కాగితం మీద ఉండకూడదు. వాడు "అప్పుడేమో, అప్పుడేమో" అని ఎన్నిసార్లంటే అన్నిసార్లూ రాయండి. మీరు అడగదగ్గది "ఊఁ", "ఎందుకని?", "నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" ఇంతవరకే. "అప్పుడు కోతికి జాలేసిందా?" అన్నారంటే ఆ జాలి మీదే, వాడిది కాదు. రాశాక చదివి వినిపించండి, "ఇది ఇలా కాదు" అని వాడే ఆపుతాడు. ఆ ఆపడమే మార్చి రాయడానికి మొదటి మెట్టు, చాలామంది పెద్ద పిల్లలకి కూడా రాని పని అది.

కథంతా మీరే రాయక్కర్లేదు కూడా. మొదటి వాక్యం వాడు, తర్వాతవి మీరు, చివరి వాక్యం మళ్లీ వాడు. వాడి వాటా మెల్లగా పెంచుకుంటూ పోండి. చేతిరాత సాధన వేరే టైమ్‌లో, వేరే పుస్తకంలో చేయించండి, కథ పుస్తకంలో మాత్రం వద్దు.

డిస్‌లెక్సియా_పరిష్కారం

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్

21 రోజుల్లో డిస్‌లెక్సియా మాయం చేసే పొడి, ఫోన్ నంబరుతో సహా పెట్టారు. తీసేశాం. ఇది జబ్బు కాదు, పొడి వేస్తే పోయేది కాదు. కొనసాగించండి.

నల్గొండ_నాన్న

😂 మా బంధువుల్లో ఒకాయన కొన్నడు కూడా అది. సరే వదిలెయ్యండి. ఫోన్లో మాట్లాడితే టైప్ అయ్యేది ఎవరన్నా వాడుతున్నరా కథలకి?

న్యూజెర్సీ_తెలుగు

జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ వాడుతున్నాం. వత్తుల గోల లేకుండా మాటలు తెర మీదకి రావడం చూసి మావాడు మొదట్లో పిచ్చి సంబరపడ్డాడు. చిక్కులు కూడా ఉన్నాయి. చుక్కలు సరిగా పడవు, కథంతా ఒకటే పొడుగు వాక్యం అయిపోతుంది. ఫ్యాన్ చప్పుడు, పక్కన టీవీ ఉంటే ఏదేదో రాస్తుంది. చిన్నపిల్లల గొంతు, యాస కొన్నిసార్లు అందవు, అప్పుడు పిల్లాడికి విసుగు. ఇంకోటి, కథ ముందు అనుకోకుండా మైక్ నొక్కితే "అంటే... అది... ఏంటంటే" ఇవే వస్తాయి. అందుకే చీటీల ప్లాన్ ముందు పెట్టుకుని, ఒక్కో చీటీకి ఒకటి రెండు వాక్యాలు చెప్పి ఆపమంటా. తర్వాత మనం పైకి చదువుతుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ వాడే చుక్క పెడతాడు.

జెడ్పీ_తెలుగుమాస్టారు

ఏడు చేపలది ఈ వారం క్లాసులో చేశాను. మేడమ్ చెప్పినట్టు గోడ మీద బొమ్మలు అవన్నీ కాదు గానీ, "బస్సు రాలేదు, ఎందుకు" అని నల్లబల్ల మీద రాసి, వరుసకి ఒక "ఎందుకు" అని ఇచ్చా. చివరి బెంచీలో పుస్తకం తెరవని పిల్లవాడు ఒకడున్నాడు, "డ్రైవర్ వాళ్ల గేదె ఈనింది సార్" అన్నాడు, తరగతంతా ఆ గేదె మీదే కథ రాసింది. వాడు మాత్రం "గేద ఈనింది" అని రెండే మాటలు రాశాడు. మార్కులు ఎలా వేయాలో ఇప్పటికీ నాకు అర్థం కావట్లేదు. ఆలోచన వాడిది, రాత మిగతావాళ్లది.

దిద్దడం గురించి కూడా అడగాలి. అన్ని తప్పులూ వదిలేస్తే తల్లిదండ్రులే వచ్చి అడుగుతారు, సార్ మీరు దిద్దలేదేంటని.

అక్షరం_టీచర్

మాస్టారూ, దిద్దండి, కానీ ఒక్క కథకి ఒక్క రకం తప్పే. ఈసారి వత్తులు అంటే వత్తులే, అవి కూడా వాడికి ఇప్పటికే నేర్పిన వత్తులు. పైన చిన్నగా రాయండి, "ఈసారి వత్తులు మాత్రమే చూశాను" అని, ఇంట్లోవాళ్లకీ అర్థమవుతుంది. కథకి మీ మాట ఇంకోటి ఉండాలి, "గేదె ఈనడం భలే ఉంది, దూడ ఏమైంది?" లాంటిది. మీరు వేసే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందన అని ఒక భాగం ఉంది కదా, నోటితో చెప్పిన గేదెకి అక్కడ చోటుంది.

ఆ పిల్లవాడి గురించి మీ మండలం భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీతో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలని చూసుకునే టీచర్‌తో, ఒకసారి మాట్లాడండి. లేదా జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల్లో ఇలాంటి ఇబ్బందులని త్వరగా గుర్తించే కేంద్రం, ఉంటుంది, అక్కడికి పంపొచ్చు. పుస్తకం తెరవకపోవడం అల్లరి కాకపోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం (డిస్‌లెక్సియా లాంటివి) కూడా ఒకటి, చాలా స్కూళ్లకి ఇప్పటికీ ఈ విషయం చేరలేదు.

రైలుబండి_వాళ్లమ్మ

టెన్త్‌లో స్క్రైబ్ తీసుకుంటే వేరే వాళ్లు రాస్తారు కాబట్టి ఇంక బెంగ ఉండదా? మాకు ఇంకా టైముంది గానీ ఇప్పటి నుంచే తెలుసుకుందామని.

అక్షరం_టీచర్

2018 కేంద్ర మార్గదర్శకాల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉన్నవాళ్లకి గంట పరీక్షకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్ అని ఉండేది, 2025లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. బోర్డుకి ముందే దరఖాస్తు పెట్టాలి, సర్టిఫికెట్ పని ఆఖరి నిమిషానికి పెట్టుకోకండి, పరీక్షల ముందు ఆసుపత్రుల్లో రద్దీ ఉంటుంది. బోర్డును బట్టి నియమాలు కొంచెం మారతాయి, హెడ్మాస్టర్ దగ్గర ఆ ఏడాది ఉత్తర్వులు అడిగి తీసుకోండి.

కానీ స్క్రైబ్ దొరికితే పనైపోదండీ. ముక్కూమొహం తెలియని మనిషికి కథ చెప్పి రాయించడం విడిగా నేర్పాల్సిన పని. ఆయన రాసే వేగానికి తగ్గట్టు ఆగాలి, "చుక్క", "కొత్త పేరా" అని తనే చెప్పాలి, రాసింది చదవమని అడగాలి, తప్పు రాస్తే "అలా కాదు సార్" అనగలగాలి. చాలామంది పిల్లలు మొహమాటానికి ఊరుకుంటారు. ఎనిమిది, తొమ్మిదిలోనే పక్కింటి అక్కతోనో వేరే సెక్షన్ టీచర్‌తోనో ప్రాక్టీస్ మొదలుపెట్టండి, ఇంట్లో అమ్మతో మాత్రం కాదు, అమ్మకి సగం మాటలోనే అర్థమైపోతుంది. ప్లాన్ మాత్రం రఫ్ పేజీలో పిల్లాడే తన చేత్తో వేసుకోవాలి, మాటలు రాయలేకపోతే గీతలూ బొమ్మలే గీసుకోమనండి, మీవాడైతే ఎలాగూ స్టేషన్ చుక్కలు పెట్టుకుంటాడు.